అగర్‌బత్తి వెలగగానే అరకిలో పెరుగు

మొదటి జీతం ఇంకా చేతికి రాని ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఈ లోకంలో ఏదీ లేదు. ఎవరేం అడిగినా "వస్తది" అనేదాన్ని. వంట వస్తుందా అంటే వస్తది, స్కూటీ వస్తుందా అంటే వస్తది (రెండూ రావు, మొదటి దానికి మా అమ్మ, రెండో దానికి మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్క గోడ సాక్ష్యం). ఆ ధైర్యంలో పావు వంతు ఇప్పటికి మిగిలినా నేను ఎక్కడో ఉండేదాన్ని. సంతోష్‌నగర్ పాల డైరీలో ఉద్యోగం అడగడానికి వెళ్లింది కూడా ఆ నోటితోనే.

డైరీ అంటే తాతల నాడు నాలుగు బర్రెలతో మొదలైనది. నేను వెళ్లేనాటికి బర్రెలు పోయి వెబ్‌సైట్ వచ్చింది. కింద పనీరు, నెయ్యి, పెరుగు అమ్మే దుకాణం, దాని వెనక ప్యాకింగ్ గది, పైన ఆఫీసు. ఆఫీసంటే రెండు బల్లలు, ఒక ల్యాప్‌టాప్, ఒక పాత ల్యాండ్‌లైన్, లెక్కల భాయ్. ముప్పై ఏళ్లుగా అక్కడే లెక్కలు రాస్తున్న పెద్దమనిషి ఆయన. వెబ్‌సైట్‌లో ఎవరైనా పైసలు కట్టగానే ల్యాప్‌టాప్‌లో చూసి, కళ్లజోడు పైకి నెట్టుకుని, మెట్ల దాకా నడిచి, "దో కిలో పనీర్! పైసే ఆగయే!" అని కిందికి కేకేసేవాడు. అప్పుడుగానీ ప్యాకింగ్ వాళ్లకు సంగతి తెలిసేది కాదు. రోజంతా అదే లొల్లి. సాయంత్రానికి ఆయన గొంతు పూర్తిగా పోయి, ఇంటికి వెళ్లొస్తానని చేత్తో చెప్పి వెళ్లేవాడు.

యజమానిని చిన్నా పెద్దా అందరూ కాకా అనే పిలిచేవారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "చూడు బిడ్డా, మన స్టాఫందరి ఫోన్లల్ల చాట్ యాప్ ఉన్నది. పైసలు పడంగనే గ్రూపుల మెసేజ్ రావాలె. భాయ్ గొంతు పోతున్నది. చేస్తవా?" అన్నాడు. "గిదెంత పని కాకా, ఒక్క రోజుల అయితది" అన్నాను. (అదెలా చేస్తారో అప్పటికి నాకు ఓనమాలు తెలియవు.) "ఒక్క రోజెందుకు, నెల తీస్కో. నెల దినాలు చూస్త. మంచిగ నడిస్తే ఉంటవు, లేకుంటే నీ తొవ్వ నీది" అన్నాడు. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీకి వెళ్లే మా బాపు ఆ రాత్రి అన్నం తింటూ ఇంకో మాట కలిపాడు. "నిన్ను ఉంచుకుంటే మంచిదే. లేకుంటే ఒకటో తారీఖు సంది మా దోస్తు జిరాక్స్ దుకాణంల కూసో. మాట్లాడి పెట్టిన." జీవితమంతా ఆధార్ కార్డులకు రెండు వైపులా జిరాక్స్ తీస్తూ గడపాలన్న ఊహకే నాకు నిద్ర పట్టలేదు.

ఒక్క రోజు పని అయిదు రోజులు పట్టింది. తీరా చూస్తే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చాట్ యాప్ ఒక లింకు ఇస్తుంది, దాన్ని తీసుకెళ్లి పేమెంట్ కంపెనీ పేజీలో పెట్టాలి. ఇక పైసలకు సంబంధించి ఏం జరిగినా ఆ కబురు మన గ్రూపులో వచ్చి పడుతుంది. ఏయే కబుర్లు కావాలో టిక్కు పెట్టమని అక్కడ పొడుగాటి జాబితా ఉంది: పైసలు పడినవి, ఫెయిలైనవి, వాపసు పోయినవి, ఇంకా నాకు అర్థం కానివి బోలెడు. పెళ్లి భోజనానికి కూర్చున్నట్టు అన్నీ వడ్డించుకున్నాను. ఊరికే వస్తున్నాయి కదా, పోయేదేముంది?

పోయేదేముందో మర్నాడు తొమ్మిదింటికి తెలిసింది. కాకా ప్రాణమంతా బోణీలో ఉండేది. తొమ్మిదికి గల్లా మీది లక్ష్మీదేవి పటానికి అగర్‌బత్తి వెలిగిస్తేనే ఆయనకు రోజు మొదలైనట్టు. ఆ తర్వాత వచ్చిన మొదటి పైసలు రెండు కళ్లకూ అద్దుకుని గల్లాలో వేసేదాకా చాయ్ చుక్క ముట్టడు. అందరూ ఫోన్లతోనే కడుతుండడంతో కళ్లకద్దుకోవడానికి నోటు దొరక్క కొన్నాళ్లుగా దిగులుగా ఉన్నాడట. నా అలర్టులు ఆ దిగులు తీరుస్తాయనుకుని, ఆ రోజు అందరినీ కిందికి పిలిచి, అగర్‌బత్తి వెలిగించి, ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. టింగుమంది. కాకా భక్తిగా ఫోన్‌ను ఒక కంటికి, తర్వాత రెండో కంటికి అద్దుకుని, అప్పుడు తెరిచి చదివాడు. పేమెంట్ ఫెయిల్డ్. పక్కన ఎర్ర గుర్తు.

"ఏందిది? బోణీల్నే ఫెయిలా? మా తాత కాలం సంది గిట్ల ఎన్నడన్న అయ్యిందా? తీసెయ్ దీన్ని!" అని కాకా ఎగిరిపడ్డాడు. ఆ గలాటాలోనే ప్యాకింగ్ అన్న ఆ మెసేజ్ కింద చప్పట్ల బొమ్మ పెట్టాడు (ఏ మెసేజ్ వచ్చినా ఆయన చప్పట్లే పెట్టేవాడు, కాకా చుట్టం పోయిన కబురుకు కూడా పెట్టి తిట్లు తిన్నాడు). నన్ను ఆదుకున్నది లెక్కల భాయ్. ఆయన చప్పుడు చేయకుండా పైకి వెళ్లి, ల్యాప్‌టాప్‌లో ఆ గిరాకీ నంబరు వెతికి, ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసి, మళ్లీ ఒకసారి కట్టి చూడమని నెమ్మదిగా చెప్పాడు. పది నిమిషాల్లో దావత్ కోసం ఎనిమిది కిలోల పనీరు ఆర్డర్ పడింది. "అరే కాకా, ఫేల్ వాలే భీ అపనేచ్ గాహక్ హై నా" అన్నాడు భాయ్, ఫెయిలైనోళ్లు కూడా మన గిరాకీలే కదా అని. కాకా మెత్తబడ్డాడు, పూర్తిగా కాదు. "ఫెయిల్‌వి ఉండనీ. గని అగర్‌బత్తి ముట్టిచ్చినంక మొదటిది మాత్రం పడ్డదే రావాలె. రేపు గూడ గిట్లనే వస్తే నీ యాపొద్దు, నువ్వొద్దు" అని తేల్చేశాడు. భాయ్ మాత్రం నా దగ్గరికొచ్చి, "బేటా, ఫెయిలైనోళ్ల ఫోన్ నంబర్ గూడ మెసేజ్‌ల వచ్చేటట్టు చెయ్. నాకు దేవులాడే పని తప్పుతది" అన్నాడు. సంతోషంగా చేసిపెట్టాను. నా గోతికి మొదటి పార అక్కడ పడింది.

మొదటి కబురు మంచిదే రావాలంటే ఏం చేయాలి? ఎవరో ఒకరు సరిగ్గా అగర్‌బత్తి వెలిగిన క్షణాన ఏదో ఒకటి కొనాలి. ఆ ఎవరో నేనే ఎందుకు కాకూడదు? వెబ్‌సైట్‌లో అన్నిటికంటే చవక అరకిలో పెరుగు. నా పేరు పెడితే దొరికిపోతాను కాబట్టి మా నానమ్మ పేరు పెట్టాను. ఫోన్ నంబర్ అడిగితే నాదే ఇచ్చాను, పడిన పైసల మెసేజ్‌లో నంబర్ కనపడదు గనక. మర్నాటి నుంచి అదే తంతు. తొమ్మిదింటికి మెట్ల మీదుగా అగర్‌బత్తి వాసన పైకి రాగానే బల్ల కింద ఫోన్ నొక్కేదాన్ని. టింగ్. కింద నుంచి "ఆహా!" అని కాకా గొంతు, ఆ వెనకే చాయ్ గ్లాసుల చప్పుడు. నా ప్రాణం లేచొచ్చేది. మా గల్లీలో పెద్దామె, నడవలేదు, నేనే ఇచ్చొస్తానని చెప్పి సాయంత్రం పెరుగు డబ్బా ఇంటికి పట్టుకుపోయేదాన్ని.

ఇంట్లో పెరుగు వరద. పెరుగన్నం, మజ్జిగ చారు, పెరుగు పచ్చడి, మళ్లీ పెరుగన్నం. నేను గిన్నె పట్టుకుని గల్లీలోకి వస్తే పక్కింటి వాళ్లు తలుపులేసుకునే దాకా వచ్చింది. "జీతం ఇస్తున్నరా, లేకుంటే పెరుగు కొలిచి పంపిస్తున్నరా?" అని బాపు కంచం ముందు కూర్చుని నిట్టూర్చేవాడు. అక్కడ కాకాకు మాత్రం నానమ్మ మీద రోజురోజుకూ భక్తి ముదిరింది. "ఆ అమ్మ చెయ్యి మస్తు మంచిగున్నది బిడ్డా! ఒక్కసారి దుకాణానికి తీస్కరారాదు?" అనేవాడు. "ఆమె బయటికి రాదు కాకా" అనేదాన్ని. (ఇందులో అబద్ధం లేదు. మా నానమ్మ పోయి అప్పటికి రెండేళ్లు.) ఒకరోజు మాటల్లో, "బోణీ కాడ అబద్ధమాడినోన్ని నేను మళ్ల గడప ఎక్కనియ్య" అన్నాడు. ఆ రాత్రి కూడా నాకు నిద్ర లేదు. మానేద్దామంటే ఎర్ర గుర్తు భయం, కొనసాగిద్దామంటే ఇదీ భయం. ఎలాగోలా నెల గడిస్తే చాలని రోజులు లెక్కపెట్టుకున్నాను.

నెల ఆఖరి రోజున కాకా అగర్‌బత్తి వెలిగించి తిన్నగా పైకొచ్చాడు. ఒక చేతిలో కొత్త చీర, ఇంకో చేతిలో నెయ్యి డబ్బా. "బోణీ పడంగనే ఆ అమ్మింటికి పోదాం. కాళ్లు మొక్కి ఇచ్చొస్త" అన్నాడు. ఆయన వెనకే వాసన కూడా మెట్లెక్కి వచ్చింది. అలవాటు ప్రకారం వేలు బల్ల కింద నొక్కేసింది. టింగ్. ఆ నెల ఆటోలకు, పెరుగుకు పోగా నా ఖాతాలో ఇరవై ఏడు రూపాయలే మిగిలాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"అరెరే, అమ్మాజాన్ కా ఫేల్ హోగయా!" అన్నాడు భాయ్, నానమ్మకే దెబ్బ తగిలినంత బాధగా. మెసేజ్‌లో నంబర్ ఉంది, నేను పెట్టిందే. ఆయన ల్యాండ్‌లైన్ దగ్గరికి లాక్కున్నాడు. "వద్దు భాయ్, పెద్దామె పండుకుందేమో" అన్నాను. "ఇప్పుడేగా బటన్ నొక్కింది" అంటూ అంకెలు నొక్కాడు. నా ఒళ్లో ఫోన్ మోగింది. భాయ్ నా వైపు చూసి, రిసీవర్ పెట్టేశాడు. మోత ఆగింది. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి, ఒకసారి చూసి నమ్ముతాడా? మళ్లీ చేశాడు. మళ్లీ మోగింది.

కాకా చీర బల్ల మీద పెట్టాడు. "నెల సంది నువ్వేనా?" అన్నాడు. నేను ఏడుపు లంకించుకుని నానమ్మ, పెరుగు, ఎర్ర గుర్తు, బాపు, జిరాక్స్ దుకాణం అన్నీ వరస లేకుండా చెప్పేశాను. "పోత కాకా, ఇప్పుడే పోత" అని బ్యాగు కూడా భుజాన వేసుకున్నాను. కాకా కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. తర్వాత, "పిచ్చిదానా, బోణీ బయటోళ్లు చెయ్యాలె. ఇంటి మనిషి పైసలు బోణీకి చెల్లుతయా? అంటే నెల దినాల సంది నా దుకాణానికి బోణీయే కాలేదన్నట్టు!" అన్నాడు. భాయ్ గొంతు సవరించుకుని (ఆ నెలంతా మెట్ల దగ్గర కేకలు లేక గొంతు బాగుపడింది), ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, ఇంత గిరాకీ ఏ నెలా లేదు కాకా అన్నాడు. కాకా అటు చూశాడు, అగర్‌బత్తి వాసన వస్తున్న మెట్ల వైపు చూశాడు. నాకు మాత్రం ఒక్క మాటే చెవిలో గింగురుమంటోంది. "ఇంటి మనిషి అన్నవు కదా కాకా, అయితే రేపు రావాలెనా?" అన్నాను. "రాక? జిరాక్స్ దుకాణంల కూసుంటవా?" అని కసిరాడు. "గని ఇంకోసారి అబద్ధమాడితే ఊకోను. గీ చీర మీ అమ్మకియ్యి. నెయ్యి మీ బాపుకు. పెరుగు తిని తిని నోరు సచ్చిపోయుంటది పాపం." అంతలో టింగుమంది. కాకా ఈసారి ముందు చదివి, ఆ తర్వాతే ఫోన్ కళ్లకద్దుకున్నాడు.

ఇప్పుడు నేను ఊరికి ఆ చివరన పెద్ద ఆఫీసులో ఇలాంటి అలర్టులు పెట్టించే పనే చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు "గిదెంత పని మేడమ్, ఒక్క రోజు" అంటుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. అంత తెలియనితనం నాకు మళ్లీ రాదు. మొన్న ఆదివారం అమ్మావాళ్లింటికి వెళుతూ దారిలో డైరీ దగ్గర దిగాను. సరిగ్గా తొమ్మిది, అప్పుడే అగర్‌బత్తి వెలిగింది. నేను ఫోన్ తీయబోతే కాకా గాబరాగా చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బిడ్డా! బయటోళ్లను ఎవరినన్న రానియ్" అని పక్కన స్టూలు వేశాడు. పావుగంట కూర్చున్నాను. ఆ స్టూలు మీద కూర్చున్నంతసేపూ, బల్ల కింద ఫోన్ దాచుకుని వాసన కోసం కాచుకున్న ఆ పిల్ల పక్కనే ఉన్నట్టు అనిపించింది. ఫికర్ చేయకే పిచ్చిదానా, ఉంచుకుంటారు అని చెప్పాలనిపించింది. చివరికి ఎవరో స్కూటర్ దిగి పావుకిలో నెయ్యి కొని ఫోన్‌తో పైసలు కట్టారు. కాకా మెసేజ్ చదివి, ఫోన్ కళ్లకద్దుకుని, "ఇగ ఇప్పుడు చెప్పు, ఏం గావాలె?" అన్నాడు.

అరకిలో పెరుగు, అన్నాను.