చాచా చేయని పొరపాటు

చాచా పోయాడన్న సంగతి నాకు గోదాము వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దుటి షిఫ్టు లిస్టుకీ, ఫోర్క్‌లిఫ్టుకు చార్జింగ్ పెట్టలేదన్న తిట్లకీ మధ్య ఆ మెసేజి ఉంది. "మన పాత సిస్టం చాచా నిన్న సాయంత్రం గుండెపోటుతో చనిపోయారు." దాని కింద వరసగా దండం బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన వెంటనే తీసేశాను. ఆయన్ని బయటికి పంపినవాళ్ల బొమ్మల పక్కన నాది ఉండటం అసహ్యంగా అనిపించింది. కాసేపటికి తెలివొచ్చింది, నా చోటు కూడా వాళ్ల పక్కనే అని. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వెనక రోడ్డు మీద ఉంది మా గోదాము. మందుల డబ్బాలకు లేబుళ్లు అంటించి విమానానికి పంపుతాం. లేబులు లేని డబ్బా గేటు దాటదు. ఆ లేబుళ్లు తీసే అప్లికేషను ఒక పాత లినక్స్ కంప్యూటర్లో నడుస్తుంది. దాన్ని చూసుకునేవాడు చాచా. పాతబస్తీలో పెళ్లికార్డులు కంపోజ్ చేస్తూ కంప్యూటర్ నేర్చుకున్నాడు, డిగ్రీ గిగ్రీ ఏం లేదు. నాది అంతకంటే అన్యాయం. ఇంటర్ తప్పి, మహేశ్వరం దగ్గర మా ఊరి నుంచి డబ్బాలకు టేపు వేసే పనికి వచ్చినదాన్ని.

ఒకరోజు అప్పట్లో లేబుళ్లు తీసే అతను భోజనానికి పోయినప్పుడు స్క్రీన్ మీద ఓకే బటనుతో ఏదో ఇంగ్లిష్ మెసేజి డబ్బా వచ్చింది. ఎవరైనా ఓకే నొక్కేస్తారు. నేను అందులోని అక్షరాలన్నీ ఒక అట్టముక్క మీద ఎక్కించుకుంటుంటే చాచా వెనక నిలబడి చూశాడు.

"ఇంగ్లిష్ వస్తదా బేటీ?"

"రాదు చాచా. అక్షరాలు వస్తయి."

"మరి ఏం రాస్తున్నవ్?"

"ఓకే కొడితే ఇది పోతది. మళ్ల దొరకదు కదా."

చాచా నవ్వాడు. "అల్లా కసమ్, ఓకే కొట్టకుండ ఆగిన మనిషిని ఇయ్యాలనే చూసిన." మర్నాడు సూపర్‌వైజరుతో మాట్లాడి నన్ను టేపు దగ్గర్నుంచి లేబుళ్ల టేబులుకు మార్పించాడు.

అప్లికేషను తెరవగానే మూసుకుపోతే అందరూ చేసే పని ఒక్కటే, స్క్రీన్‌లో దాని బొమ్మ మీద మళ్లీ మళ్లీ నొక్కడం. చాచా మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. "చేతులు ఖాళీగ ఉంటే నొక్కుతయి" అనేవాడు. అట్లా ఒక నిమిషం కూర్చుని, అప్పుడు నల్ల కిటికీ తెరిచేవాడు. టెర్మినల్‌ను మేం అట్లా పిలుస్తాం. అందులో అప్లికేషన్ పేరు టైపు చేస్తే, మూసుకుపోయే ముందు అది ఏం చెబుతుందో లైన్లు లైన్లుగా పడుతుంది. బొమ్మ మీద నొక్కితే ఆ మాటలేవీ మనకు కనిపించవు.

నేను ఆఖరి లైను చదివేదాన్ని. తిట్టేవాడు.

"ఆఖరిది ఎందుకు చూస్తవ్? బస్సుల కొట్లాట అయితే ఆఖరి తిట్టు అందరికి యాదుంటది. ముందుగాల ఎవరు ఎవరి కాలు తొక్కిండ్రో చూడు."

అక్కడా తేలకపోతే కొత్త యూజరును చేసి ఆ పేరు మీద అప్లికేషన్ తెరిచి చూసేవాడు. అక్కడ తెరుచుకుంటే అప్లికేషన్‌ది తప్పు లేనట్టు, గొడవంతా మన సొంత సెట్టింగుల ఫోల్డర్లోనే ఉన్నట్టు. ఆ ఫోల్డర్‌ను మాత్రం తీసేయనిచ్చేవాడు కాదు. "పేరు మార్చి పక్కకు పెట్టు. అదేం చేసిందో తేలకముందే తీసెయ్యకు" అనేవాడు. ఆ మాట కంప్యూటర్ గురించే చెప్పాడు. మనుషుల విషయంలోనైనా మా కంపెనీ వింటే బాగుండేది.

నాకు ఎంతకీ ఎక్కనిది సుడో సంగతి. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక సొంతదారు ఉంటాడు. అందరి మీదా రూట్ అనే పెద్ద మాలిక్ ఒకడుంటాడు. ఏ పనికైనా ముందు సుడో అని కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే, ఆ పని మాలిక్ పేరు మీద జరుగుతుంది. అంతవరకు అర్థమైంది. దాంతో వచ్చే ముప్పేంటో అర్థం కాలేదు. చాచా మా ఊరి లెక్కలో చెప్పాడు.

"మీ దిక్కు ప్లాట్ల లొల్లి తెల్సు కదా. ఇల్లు నువ్వే కట్టుకున్నవ్. లోపల ఒక్క అర్ర పట్టా వేరేటోని పేరు మీదికి పోయింది. ఇగ ఆ అర్రల నువ్వు చెంబు పెట్టనీకి కూడ లేదు. గిట్లనే ఇది. కిటికీ తెరిచే అప్లికేషన్‌ను సుడోతోటి నడిపినవనుకో, అది రాసుకునే ఫైళ్లు మాలిక్ పేరు మీదికి పోతయి. రేపు నువ్వు మామూలుగ తెరిస్తే అది రాసుకోలేక ఆడికాడనే చస్తది. ఎన్నడు చేయకు."

ఆ పాస్‌వర్డ్ ఆయన ఒక్కడి దగ్గరే ఉండాలని కంపెనీ రూలు. నాకు ఇచ్చాడు. "నేర్చుకునేటోళ్ల ముంగట తాళం వేసి ఏం నేర్పుత?" అన్నాడు.

ఆ శుక్రవారం చాచా జుమ్మా నమాజుకు పోయాడు. కొత్త కొలత డబ్బాలు వచ్చాయి. లేబులు సైజు మార్చి సేవ్ చేయబోతే అనుమతి లేదని వచ్చింది. బయట లారీ డ్రైవరు హారన్ మీంచి చేయి తీయడం లేదు. మేనేజరు నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఫోనులో వెతికాను. ఎవడో ఎక్కడో రాసిన జవాబు దొరికింది. అప్లికేషన్ మూసి, అందులో ఉన్నట్టే ముందు సుడో పెట్టి తెరిచాను. సైజు సేవ్ అయింది. లేబుళ్లు వచ్చాయి. లారీ కదిలింది.

"శభాష్ అమ్మా! ఆయన లేకపోయినా నడిపించేశావు" అన్నాడు మేనేజరు.

పొంగిపోయాను. చాచా తిరిగొచ్చాక చెప్పలేదు. తిడతాడని భయపడి కాదు. ఆయన లేకుండా నేను చేయగలిగానన్న గొప్ప నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. సాయంత్రం దాకా ఆ అప్లికేషన్ కిటికీ తెరిచే ఉంది కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

శనివారం పొద్దున ఏడు గంటలకు అప్లికేషన్ నొక్కితే కిటికీ ఇట్లా వచ్చి అట్లా పోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ పోయింది. చలిపెట్టెల్లో పోవాల్సిన ఇన్సులిన్ లోడు బయట ఉంది. చాచా పది గంటలకు వస్తాడు. ఫోన్ చేస్తానంటే మేనేజరు వద్దన్నాడు, సిటీలోని ఇంజినీరు లైన్లో ఉన్నాడట. ఆ ఇంజినీరు అప్లికేషన్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడు. ఎక్కించాం. అదే కథ. మళ్లీ తీసేయమన్నాడు. ఎన్నిసార్లు ఎక్కిస్తే మాత్రం ఏం లాభం? గొడవ అప్లికేషన్లో లేదు కదా. ఈ లోపల లోడు ఎక్కాల్సిన విమానం వెళ్లిపోయింది.

చాచా వచ్చి కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. మేనేజరు నెత్తి మీద అరుస్తూనే ఉన్నాడు. నల్ల కిటికీ తెరిచి, మొదటి లైను చదివి, సెట్టింగుల ఫోల్డర్లో ఫైళ్ల పట్టీ వేశాడు. లేబుల్ సైజుల ఫైలు. సొంతదారు రూట్. పక్కన శుక్రవారం తేదీ, ఒంటిగంట ఇరవై.

ఆ గుంపులో ఆ లైను అర్థమైనవాళ్లం ఇద్దరమే. చాచా దాని మీద చూపు ఆపాడు. నా వైపు చూడలేదు. ఫైళ్లన్నీ మళ్లీ మా యూజరు పేరు మీదికి మార్చాడు. అప్లికేషన్ తెరుచుకుంది. మొత్తం పది నిమిషాల పని.

"ఎవరు చేశారిది?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్. నిన్న ఒకటి మార్చిన. యాది మరిచిన."

నేను పక్కనే నిలబడ్డాను. నోరు తెరవలేదు.

మధ్యాహ్నానికి పనిలోంచి తీసేసినట్టు ఆయన చేతిలో కాగితం పెట్టారు. బస్టాపు దాకా వెంట నడిచాను. సగం దూరంలో ఆయన ఆగాడు.

"టైము చూసినవా?" అన్నాడు.

"చూసిన."

"ఆ టైముకు నేను మసీదుల ఉన్న."

"మరి ఎందుకు చెప్పలే చాచా?"

"చెప్తే ఏమైతది? నువ్వు చేసినందుకు నువ్వు పోతవ్, పాస్‌వర్డ్ ఇచ్చినందుకు నేను పోత. ఒక్కలన్న ఉంటే లేబుళ్లయితే వస్తయి."

"వచ్చే నెల నేనే చెప్త."

"నీ ఇష్టం బేటీ. సుడో మాత్రం ముట్టకు."

ఆ వచ్చే నెల ఐదు నెలలైనా రాలేదు. నాకు ఉద్యోగం కావాలి, అంతే. ఇంకే సాకూ చెప్పను. ఆయన పహాడీ షరీఫ్‌లో బంధువుల జిరాక్స్ షాపులో కూర్చునేవాడు. రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "తెరుచుకుంటున్నదా?" అని అప్లికేషన్ గురించే అడిగాడు. నా వల్లే చనిపోయాడని అనను. గుండె జబ్బు ముందునుంచీ ఉంది. నా వల్లే పోయాడని ఏడవడం కూడా ఒక రకం గొప్పే, అది నాకొద్దు. నేను చేసింది ఇంతే, ఆయన బతికుండగా చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేదు.

చనిపోయిన మర్నాడు గోదాములో అందర్నీ నిలబెట్టారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఒక పొరపాటు చేసినా, చాలా మంచి మనిషి. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

చేసినా అట. ఆ ఒక్క మాటకు చెవుల్లోంచి పొగ వచ్చింది. అయినా తల దించుకుని నిలబడ్డాను. రెండు నిమిషాలేం లెక్క, ఐదు నెలలుగా నేను పాటించింది మౌనమే.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక పహాడీ షరీఫ్‌లోని వాళ్లింటికి పోయాను. ఆయన భార్య చాచీ ఇద్దత్‌లో ఉంది, అంటే భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మంచిగ చూసిండ్రు మీ కంపెనీవాళ్లు, ఆయనే ఖరాబ్ చేసుకున్నడు" అంది. "మా అల్లుడు నిన్న గూడ అందరి ముంగట అన్నడు, ఊరికే ఎవరు తీసెయ్యరని. నేను గూడ రోజు అన్న. మతి పోయింది నీకు, ముసలోడివైనవ్, చేసిన పని యాదుండదు అని. ఉప్పు తెమ్మంటే యాదుంటదా అని. నవ్వేటోడు."

అప్పుడు చెప్పాను. శుక్రవారం, సుడో, ఒంటిగంట ఇరవై, అంతా. ఆమెకు సుడో అర్థం కాలేదు. మసీదులో ఉన్న మనిషి ఎట్లా చేస్తాడన్నది అర్థమైంది.

చాప అంచు గీకుతూ అడిగింది.

"ఆయనకు తెల్సా నువ్వేనని?"

"తెల్సు."

"ఐదు నెలలు మతిమరుపోడా అని తిట్టిన. ఒక్కనాడు కాదనలే." కొంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది. నేను తిట్ల కోసం చూస్తున్నాను. "నాకు చెప్పి ఏం ఫాయిదా? నేను తిట్టుడు బంద్ చేస్త, అంతే. ఆడ చెప్పు. నేను గడప దాటొద్దు. లేకుంటే నేనే పోయి ఒక్కొక్కని ముంగట నిలబడి చెప్తుండె. నువ్వు పో. చెప్పి, ఏమన్నరో వచ్చి నాకు చెప్పు."

మర్నాడు షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ హాజరు వేసుకునే చోట గట్టిగా చెప్పాను. ఆ రోజు అప్లికేషన్ ఆగింది నా వల్ల. చాచా చేయలేదు. నన్ను కాపాడడానికి తన మీద వేసుకున్నాడు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. ఎవడో వెనక నుంచి "ఇప్పుడెందుకే ఇదంత" అన్నాడు. అదే మాట గ్రూపులో కూడా రాశాను. కాసేపటికి అది అక్కడ లేదు. మేనేజరు క్యాబిన్‌లోకి పిలిచాడు.

"మనిషే పోయాక ఎందుకమ్మా గ్రూపులో ఈ గోల? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"ఆయన చేయలేదని మీరు రాయండి సార్. రెండు లైన్లు చాలు. నన్ను తీసేయండి."

"నిన్ను తీసేస్తే లేబుళ్లు ఎవరు తీస్తారు?" ఆయన అప్పటికే ఇంకో కాగితం మీద సంతకం పెడుతున్నాడు. "వెళ్లు, వెళ్లి లోడు చూసుకో."

ఉద్యోగం పోతుందని ఐదు నెలలు నోరు మూసుకున్నాను. చెబితే ఏమీ కాలేదు. అదే పొరపాటు ఆయనదని అనుకున్నప్పుడు సాయంత్రం దాకా కూడా ఆగలేదు వీళ్లు. నాదని తేలితే ఒక పూట పని కూడా ఆగలేదు. ఇప్పుడు నేను అక్కరకొస్తాను. అక్కరకొచ్చేలా చేసింది ఎవరో వాళ్లకు గుర్తులేదు.

సాయంత్రం పహాడీ షరీఫ్ బస్సెక్కాను. దారంతా అబద్ధాలు అల్లుకుంటూ పోయాను. బాధపడ్డారని చెబుదామా, నోటీసు పెడతామన్నారని చెబుదామా అని. నా కోసం ఒక అబద్ధం చెప్పిన మనిషి భార్యకు నేనొకటి చెప్పలేనా అనుకున్నాను.

చాచీ గడప లోపల నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"అందరి ముంగటనా?"

"అందరి ముంగటనే."

"ఏమన్నరు?"

అల్లుకున్నవేవీ నోట్లోంచి రాలేదు. "ఏమనలే చాచీ. లోడు చూసుకో అన్నరు."

వాకిలి పరదా అంచు పట్టుకున్న ఆమె చేయి అట్లాగే ఉంది. గాజులు తీసేసిన చోట మణికట్టు తెల్లగా ఉంది. పనుల నుంచి జనం ఇళ్లకు మళ్లుతున్నారు. నా భుజం మీదుగా గల్లీ చివరి దాకా చూసింది, నా వెనక గోదాము నుంచి ఇంకెవరైనా వస్తున్నారేమో అన్నట్టు.