చేతి మీది చీటీ

ఆబిడ్స్‌లో బట్టల దుకాణం తెరవకముందే మెట్లు ఊడ్చే బాలనర్సమ్మకు చదువు రాదు. అయినా నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ కవర్లోని పదకొండు దవాఖాన చీటీల్లో తనకు కావలసిన దాన్ని చూడకుండానే బయటికి తీస్తుంది. చెమటకు తడిసి చిరిగినప్పుడల్లా మైదాపిండితో అతికించడంతో అది అట్టలా గట్టిపడింది. కాలి పుండుకు పెన్సిలిన్ సూది వేస్తే మొహం ఉబ్బి, ఊపిరాడక ఆమె చచ్చి బతికిన రోజున, ఆ సూది ఇంకెప్పుడూ వేయొద్దని చాదర్‌ఘాట్ డాక్టరమ్మ ఎర్ర సిరాతో రాసిచ్చిన చీటీ అది. "ఏ దవాఖానకు పోయినా ముందుగాల గిదే చూపియ్యి" అని గట్టిగా చెప్పింది.

పుండు మళ్లీ రేగి నాంపల్లి దవాఖానకు పోతే, అక్కడ కొత్తగా కంప్యూటర్ పెట్టారు. కౌంటర్లోని పెద్దమనిషి ఆ చీటీని వేలితో వెనక్కి నెట్టాడు.

"బయటి దవాఖాన కాగితాలు మా కంప్యూటర్ల ఎక్కవమ్మా."

"దవాఖాన మారితే నా ఒళ్లు మారుతదా సారూ? గా సూది పడితే సచ్చిపోత!"

"పక్కకు జరుగు. ఎన్కోళ్లు రావాలె."

మూడుసార్లు తిరిగింది. మూడుసార్లూ అదే మాట. ఆ కోపంలోనే అఫ్జల్‌గంజ్ పోయి, పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు చీటీ పరిచి, ఆ అక్షరాలన్నీ ముంజేతి మీద దించుకుంది. వాపు ఇంకా దిగని చేతిని తెచ్చి కౌంటర్ మీద చాపింది.

"కాగితం వద్దంటివి గద. గిదన్న రాసుకో."

పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని అక్షరం అక్షరం చదివాడు.

"దీనికో జిరాక్స్ కావాలమ్మా" అన్నాడు.