మగ్గం గుంటలో పదివేల అడుగులు

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. (ఆ రోజులంటే మరీ పాతవి కావు, చేతి వాచీలు గుండె కొట్టుకోవడం కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టిన తర్వాతి మాటే.) ఒకటి, మనసంటే ఏమిటో తేల్చేయాలన్న పట్టుదల. రెండోది, దాన్ని ఫిజిక్సుతోనే తేల్చేయాలన్న పొగరు. వనపర్తిలో ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదువుతూ, ధ్యానం చేస్తే నాడి నెమ్మదిస్తుందని నిరూపిస్తానంటూ ప్రాజెక్టు రాసిచ్చాను. మా గైడు సారు కళ్లద్దాల మీదుగా చూసి, "మనసును కొలుస్తవా? కొలువు. కని వచ్చిందే రాయాలె. కావాల్సింది రాస్తే ఫెయిల్ చేస్త" అన్నారు. ఫెయిలైతే ఏడాది పోతుంది, క్లాసులో నేను కొట్టుకున్న సొంత డబ్బాతో పాటు పరువూ పోతుంది.

సెలవుల్లో గద్వాలలో మా మేనమామ ఇంట్లో మకాం పెట్టాను. ఆయన చీరలు నేసేవాడు. రోజూ పొద్దున్నే నాడి చూపించే వాచీ చేతికి కట్టుకుని మిద్దె మీద పద్మాసనం వేసేవాణ్ని. అయిదు నిమిషాలు బాగానే ఉండేది. తర్వాత నాడి తగ్గిందా లేదా అని ఒక కన్ను తెరిచేవాణ్ని. తగ్గేది కాదు. తగ్గలేదన్న దిగులుతో ఇంకాస్త పెరిగేది. తొమ్మిదో రోజుకు, మెట్లెక్కి దిగితే రావాల్సిన అంకె కూర్చుంటేనే వచ్చింది. నిజంగానే భయం పట్టుకుంది.

"ఏంది అల్లుడా, ధ్యానం జేస్తున్నవా, దొంగలకు కావలి గాస్తున్నవా?" అని మామ నవ్వాడు. "గంత పరేషాన్ ఎందుకు? జర నాకు గట్టు ఆ వాచీని."

వాచీతోనే మామ మగ్గం గుంటలోకి దిగాడు. కింద కాళ్లు తొక్కుతుంటే, చెయ్యి తాడు లాగుతుంటే, పోగును మోస్తూ నాడె అటూ ఇటూ పరుగెత్తేది. పక్కనే అత్త కూర్చుని అంచు పోగులు అందించేది. గంటకోసారి వెళ్లి చూస్తే మామ నాడి నాకన్నా ఎంతో తక్కువ! ఎగిరి గంతేశాను. ధ్యానం బదులు నేత అని రాసేస్తే సరి. ముగింపు వాక్యం కూడా రాసిపెట్టుకున్నాను. (ఇంగ్లీషులో, చాలా బరువుగా.)

మధ్యాహ్నానికి వాచీ బుర్రుమని అదిరి తెర మీద రంగు చుక్కలు కురిపించింది. పదివేల అడుగులు నడిచినందుకు అభినందనలట.

అత్త నోరు తెరిచింది. "పొద్దుగాల నుంచి నా పక్కన్నే కూసున్నడు గదా, ఎప్పుడు నడిసిండు? ఎటు పోయిండు?"

"చెయ్యి ఆడితే అడుగనుకుంటది అత్తా" అన్నాను నీరసంగా. చేతి ఊపును నడక అనుకున్న వాచీ, నాడిని మాత్రం సరిగ్గా చెబుతుందని ఏ ముఖంతో రాయను? ముగింపు వాక్యం కొట్టేశాను. ఆఖరి ప్రయత్నంగా, దవాఖానలో చూసినట్టు మామ మణికట్టును వేళ్లతో పట్టుకున్నాను. మగ్గం ఆగింది.

"మామా, ఇందాక నేస్తున్నప్పుడు మనసుల ఏముండె?"

"ఏమో, తెల్వదు. అంచు పోగు కలిసిందా లేదా, గంతే. నేనున్నట్టే యాదికి లేదు. నువ్వు చెయ్యి పట్టినంక యాదికొచ్చిన. ఇగ విడువు, ఆకలి గూడ యాదికొచ్చింది."

నవ్వాను, అంతలోనే తట్టింది. తొమ్మిది రోజులు మిద్దె మీద నేను వెతికింది ఈయన దగ్గర ఉంది, నేను పట్టుకోగానే పోయింది.

ప్రాజెక్టులో ఉన్నదున్నట్టు రాశాను, పక్కపక్కన రెండు వరుసలుగా. ఒకదాంట్లో వాచీ చెప్పింది, ఇంకోదాంట్లో మనిషి చెప్పింది. మొదటిదాన్ని నమ్మలేకపోయాననీ, రెండోదాన్ని కొలవలేకపోయాననీ, అయినా ఏ ఒక్కదాన్నీ వదిలేయలేమనీ రాశాను. సారు చాలాసేపు చదివారు. "ఏం తేల్లే. కని అబద్ధం లేదు" అని అత్తెసరు మార్కులతో గట్టెక్కించారు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక విద్యార్థిని వచ్చి, "సార్, మనసు మీద ప్రాజెక్టు చేస్త. ఇప్పుడు మస్తు మంచి మిషన్లొచ్చినయి" అంది. నిజమే, వచ్చాయి. ఆ పిల్ల కళ్లు చూస్తే ఎంతో కొంత తేలుస్తుందనే అనిపించింది, సంతోషం వేసింది. "చెయ్యమ్మా, రెండో వరుసకు కూడా జాగా ఉంచు" అన్నాను.

నేనూ రోజూ పొద్దున కూర్చుంటాను, వాచీని బీరువాలో పెట్టి మరీ. అయినా అయిదు నిమిషాలు కాగానే ఒక కన్ను దానంతటదే తెరుచుకుని ఖాళీ మణికట్టు వైపు చూస్తుంది. ఆ మిద్దె మీది కుర్రాడు ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. వాణ్ని చూసి నవ్వుకుని, మళ్లీ కన్ను మూస్తాను.