మామిడిమానుకు తడిగోనె

మా కోడుమూరులో ఎండకు భయపడేవాణ్ణి నేనొక్కణ్ణే. బడిపంతులును కాబట్టి ఆ భయానికి శాస్త్రమని పేరు పెట్టుకుని తలెత్తుకు తిరిగేవాణ్ణి.

మా పెరట్లో ఒక బేనిషా మామిడి ఉండేది. కూతుర్ని కాపురానికి పంపేటప్పుడు మా అత్తగారు ఆ అంటును వేళ్ల మట్టితో సహా బండిలో పెట్టించారు. అల్లుడికి ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. తలుపు చాటున నిలబడి, నాకు వినబడేటట్టు కూతురితో అన్నారు: "మొదటి పండు మాత్రం అల్లునికే పెట్టల్లమ్మా, మర్చిపోవద్దు."

మరుసటి ఏడే ఆమె పోయారు. అప్పటినుంచి నా భార్య నాతో ఉప్పూ చింతపండూ గురించే మాట్లాడేది. మిగతావన్నీ ఆ చెట్టుతో చెప్పుకునేది. చెట్టును చూసి అసూయపడిన మగవాడు మా తాలూకాలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి నిండా గుడారాలు, కోస్తా నుంచి వచ్చి ఎండకు అల్లాడిపోయే ఆఫీసర్లు. బదిలీ సంగతి కనుక్కుందామని వెళ్లిన నేను ఒక ఆఫీసు వరండాలో వట్టివేళ్ల తడికలు చూశాను. బంట్రోతు వాటిమీద నీళ్లు చల్లుతున్నాడు. లోపల ఎంత చల్లగా ఉందంటే, వచ్చిన పని మరిచి అక్కడే నిలబడిపోయాను. తిరుగు బస్సులో బుర్ర పనిచేసింది. ఆఫీసర్లకే ఇంత సుఖం కావాలంటే, పడమటెండకు బెరడు పగుళ్లిస్తున్న మా మామిడి మాటేమిటి?

పక్కింటి సాయిబు వేరుశనక్కాయల వ్యాపారి. ఆయన దగ్గర పాత గోనెసంచులు తెచ్చి, మొదలు నుంచి రెండు కొమ్మలుగా చీలేచోటి దాకా మానుకు చుట్టి పురికొసతో బిగించాను. సాయిబు గోడమీంచి చూశాడు.

"ఏం అయ్యవారూ, మానుకు జెరం వచ్చిండాదా? తడిగుడ్డ సుడతాండారు!"

నీళ్లు ఆవిరైతే చల్లదనం ఎలా పుడుతుందో ఆయనకు గోడ మీదనే పాఠం చెప్పాను. సాంతం వినకుండా లోపలికి పోయాడు.

బావిలో నీళ్లు అడుగంటుతున్న కాలం. అయినా నా భార్య బియ్యం కడిగిన నీళ్లు, కడవ అడుగున మిగిలినవి దాచి పొద్దునా సాయంత్రం ఆ గోనె తడిపేది. తన తల్లి ఇచ్చిన చెట్టును కాపాడుతున్నానని నామీద గౌరవం పెరిగింది. ఆ వేసవిలో నాకూ నాలుగు మాటలు దక్కాయి. నేనా, బడిపిల్లలనందరినీ వరసగా తీసుకొచ్చి ఆ చెట్టును చూపించాను.

నాకున్న దిగులల్లా ఒకటే. పడమటి వైపు గోనె ఎంత తడిపినా మధ్యాహ్నం తిరిగేసరికి అప్పడంలా ఎండిపోయేది. పాపం ఆ వైపుకు అన్యాయం జరుగుతోందని బాధపడేవాణ్ణి.

ఇంతలో తూర్పు కొమ్మ ఆకులు వాడిపోయి వేలాడసాగాయి. "దాహం" అని తేల్చేశాను. ఇంకాస్త నీళ్లు పోశాం. ఇంకాస్త వాడింది. ఒకరోజు నా భార్య జారిన గోనెను పైకి లాగబోతే అది తడిసిన కాగితంలా చేతిలోకి ఊడివచ్చింది. లోపల తెల్లగా చెదలు, లుకలుకమంటూ. వాటి కింద బెరడు లేదు.

చెదపురుగు మా సీమ ఎండకు నిలవలేదు. ఒంటికి వేడిగాలి తగిలితే చస్తుంది. అందుకే మట్టితో గూడు కట్టుకుంటూ, లోపల చెమ్మ నిలుపుకుంటూ పైకి పాకుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఉంది, నేనే పాఠం చెప్పాను కూడా. చెప్పడం వేరు, బుర్రకెక్కడం వేరు. నేను చెదలకు వట్టివేళ్ల తడికలు కట్టించి, మొగుడూ పెళ్లాలం బంట్రోతులమై పూటపూటా నీళ్లు చల్లాం.

నా భార్య గోనెనంతా పీకి పెరటి బండమీద పడేసింది. మిట్టమధ్యాహ్నం. చూస్తుండగానే ఆ పురుగులు మెలికలు తిరిగి కదలిక మానేశాయి. ఆమె ఆ బండకేసి చూస్తూ నెమ్మదిగా అంది:

"మా అమ్మ దీన్ని ఎండలోనే పెంచిండె."

తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు.

తూర్పు కొమ్మ ఎండిపోయింది. సాయిబు వచ్చి, ఒక్క మాట కూడా ఎగతాళి చేయకుండా, దాన్ని కోసిచ్చి పోయాడు. పడమటి వైపు బెరడు మాత్రం పాత పగుళ్లతో అలాగే ఉంది. గోనె ఎండిపోయేచోట చెదలు నిలవలేదు. నేను జాలిపడిన వైపే బతికింది. నేను సేవ చేసిన వైపు చచ్చింది.

మరుసటి ఏడు ఆ ఒంటి కొమ్మ మొట్టమొదటిసారి పూసింది. గాలికి రాలగా మిగిలినవి కొన్నే. మొదటిది పండిన రోజు నేను నడవలో కూర్చుని పిల్లల పలకలు దిద్దుతున్నట్టు నటిస్తున్నాను. ఆ పండు తల్లి పటం ముందు పెడుతుందనుకున్నాను. పెట్టినా నేను నోరెత్తేవాణ్ణి కాదు.

ముక్కలు కోసిన పళ్లెం నా ముందుకు జరిగింది. తలెత్తాను. ఆమె తలుపు చాటుకు వెళ్లి నిలబడింది, అచ్చం వాళ్లమ్మలాగే.

"తినండి. మొదటి పండు అల్లునికే పెట్టమని అమ్మ చెప్పిండె గదా."

పండు చాలా తియ్యగా ఉంది. సగం ముక్కలు ఉంచి పళ్లాన్ని తలుపు వైపుకు జరిపాను.