అక్క చర్చిలో పెట్టిన తెల్లపూలు

2004 వానాకాలంలో మా సువార్తక్క ఫోన్ చేసి ఏడ్చింది. మెడ, మోచేతులు, కనురెప్పలు దురదతో వాచిపోయి నాలుగు నెలలైందట. “నెలనెలా చర్చిలో ప్రభు బల్లప్పుడు ద్రాక్షరసం అందరం ఒకే గిన్నెలో తాగుతాం గదే, నా రోగం వాళ్లకీ అంటుకుంటదేమోనని మానేశాను,” అంది. వంకాయ, గుడ్డు, ఎండుచేపలు కూడా మానేసి చారన్నంతో బతుకుతోంది. ఆమెను విజయవాడ తీసుకొచ్చి చర్మం డాక్టరుకు చూపించాల్సిందేనని పంతం పట్టాను.

విజయవాడలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లికి రెండు గంటల పైనే పట్టింది. టిక్కెట్టు పాతిక రూపాయలు. సెంటర్లో ఇడ్లీ తిని, మస్తాన్ గారి ఆటో రానూపోనూ అరవైకి మాట్లాడుకున్నాను. అక్క ఊరిదాకా కాలవ గట్టంతా మోకాలెత్తు పచ్చదనం, పైన చిన్నచిన్న తెల్లపూలు. ఎంత బాగుందో అని మురిసిపోయాను. నా తెలివి అంతే!

శనివారం కాబట్టి అక్క చర్చిలో ఉంది. ఆదివారం ఆరాధనకు పూలు సర్దేది ఆమే. బంతిపూల మధ్య నింపడానికి గట్టు మీది ఆ తెల్లపూలే కోసుకొచ్చి ఒళ్లో పోసుకుని కూర్చుంది. నా వెనకే వచ్చిన మస్తాన్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“అమ్మా, అయ్యి ముట్టుకోమాకండి! వయ్యారిభామ అండీ అది. పోయినేడు మా గేదెల పాక చుట్టూ పీకితే నా చేతులూ ఇట్టాగే అయినియ్యి.”

“దేవుడికి కోసిన పూలండీ,” అంది అక్క. తర్వాత నా వంక తిరిగి, “దురద తగ్గాలని వారం వారం ఇంకాసిని ఎక్కువ కోస్తన్నానే,” అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఒక కొమ్మను ప్లాస్టిక్ కవరులో వేసి ముడికట్టి, మధ్యాహ్నం బస్సుకు అక్కను బయలుదేరదీశాను.

సాయంత్రం డాక్టరుగారు అక్క చర్మాన్నీ, కొమ్మనూ చూశారు. “దీని అలర్జీయేనమ్మా. కోయకపోయినా పుప్పొడి గాల్లో వస్తుంది, ఎండ తగిలితే ఇంకా రేగుతుంది. తిండి మానక్కర్లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు.”

“ఒకే గిన్నెలో తాగినా అంటదాండీ?”

“అంటదు.”

అక్క కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

జబ్బు పూర్తిగా పోలేదు, వానలు పడ్డప్పుడల్లా కాస్త రేగేది. అన్నాళ్లూ మేమంతా తప్పు కంచంలోనే వెతికాం, ఇంటి చుట్టూ ఏం మొలిచిందో ఒక్కరమూ చూడలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మీరూ ఇలాంటి పని మీద బయలుదేరితే, రోజూ చేతికి తగిలే ఆకూ అలమా ఒట్టి చేత్తో తుంచకుండా కవరులో పట్టుకెళ్లండి.

డాక్టరుకు చూపించాక వచ్చిన ప్రభు బల్ల ఆదివారం అక్క ఫోన్ చేసింది. “తాగానే! నా తర్వాత పక్కావిడ కూడా తాగింది.”