గుడియాత్తం బస్సులో నా ఉపన్యాసం

కాలేజీలో చదివినదాంట్లో చాలామటుకు పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయాను. రెటరిక్ పేపరు మాత్రం ఇప్పటికీ గుర్తుకొచ్చి, ఎక్కడుంటే అక్కడ నవ్వు తెప్పిస్తుంది. మాటతో ఎదుటివాళ్ళను ఒప్పించే విద్య అది అని మేడమ్ మొదటి రోజు చెప్పారు. నేను ఆ విద్య మీద మోజుతో చేరలేదు. రెండో ఆప్షన్ క్లాసు మరీ పొద్దున్నే ఉండేది, గుడియాత్తం నుంచి వేలూరుకు ఆ వేళకు చేరుకోలేను, అంతే.

ఆ పేపరులో రాత తక్కువ, నిలబడి మాట్లాడడం ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగినదాన్ని, ఇంగ్లీషులో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. మొదట ఏదైనా ఒక వస్తువు తరఫున మాట్లాడమన్నారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. రెండు మాటలకే మిగతాదంతా మరిచిపోయాను. ఏం చెయ్యాలో తోచక గొడుగు తెరిచి, మూసి, వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత, మనకు నచ్చని సంగతిని సమర్థించమన్నారు. ఉప్మా అంటే నాకు ఒళ్ళు మంట. ప్రతి ఇంట్లో రోజూ ఉప్మానే వండాలని వాదించాను. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు నా తలకెక్కింది. వారమంతా నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఆఖరి పని ఇంకోలా ఉంది. "మీ మాట వినాలని రాని మనుషుల ముందు మాట్లాడండి. ఏం జరిగిందో వచ్చి చెప్పండి" అన్నారు మేడమ్.

నేను పొద్దుటి బస్సును ఎంచుకున్నాను. మా నాయన కట్టడం మేస్త్రీ. వేలూరు పక్కనున్న సత్తువాచారిలో పనికి అంతకు ముందరి బస్సులోనే వెళ్ళిపోతాడు కాబట్టి నాకు ధైర్యం. మాట్లాడే సంగతి కూడా ఆ బస్సులోనే దొరికింది. స్టాండులోకి బస్సు వస్తూండగానే జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు, చేతిరుమాళ్ళు సీట్ల మీదికి విసురుతారు. తువ్వాలు పడితే సీటు వాళ్ళదే. ఇది అన్యాయమని నిరూపించాలి.

నాతో చదివే స్నేహితురాలు తోడు వచ్చింది. బస్సు ఊరు దాటాక కండక్టరు దగ్గరికెళ్ళి తమిళంలో అడిగాను.

"అన్నా, కాసేపు మాట్లాడొచ్చునా, అందరితో?"

"ఏమన్నా అమ్ముతావా?"

"లేదన్నా."

"చందాలా?"

"అదీ కాదన్నా. కాలేజీ పని."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, డ్రైవరుకు చెప్పి పాటలు ఆపించాడు. పాట ఆగేసరికి బస్సంతా తలలెత్తి నా వైపు చూసింది. పైనున్న ఇనుప కంబీ గట్టిగా పట్టుకుని మొదలుపెట్టాను.

"అయ్యలారా, అమ్మలారా! తువ్వాలుకు కాళ్ళు నొప్పి పుడతాయా? పుట్టవు కదా! మరి తువ్వాలు కూర్చుని, మనిషి నిలబడడం ఏం న్యాయం?"

ముందు సీట్లో ఎవరో ఈల వేశారు. పూల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ మాత్రం ఊరుకోలేదు. "తువ్వాలు ఏయకపోతే ఈ బుట్టతో తోపులాడి ఎక్కమంటావా?" అని లేచింది. వెనకాయన ఆవిడను తప్పన్నాడు, పక్కాయన ఒప్పన్నాడు. నాకు ఒళ్ళంతా గిలిగింతలు. గొడుగుతో నోరు పెగలని నేనే ఇంత బస్సును లేపానా!

అప్పుడు వెనక వరుస నుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది.

"ఏమమ్మా కాలేజీ పాపా! నాకొక సందేహం ఉండాది. అడగొచ్చునా?"

మా నాయన! ముందరి బస్సు తప్పిపోయినట్టుంది. టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, జన్మలో నన్ను చూసి ఎరగనట్టు మొహం పెట్టి కూర్చున్నాడు. ఆయన ఆట నాకు అర్థమైంది.

"అడగండయ్యా" అన్నాను. ఆయన్ని ఎప్పుడూ అయ్యా అని పిలిచి ఎరగను.

"ఇంతసేపూ నువ్వు కూర్చోనుండిన సీటు నీకు ఎట్లొచ్చినాది తల్లీ?"

నా స్నేహితురాలు కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఆ సీటు మీద చున్నీ విసిరింది తనే.

"చున్నీ ఏసి పట్టినామయ్యా" అన్నాను.

తెలుగు వచ్చినవాళ్ళు ముందు నవ్వారు, వాళ్ళు చెప్పగా మిగతావాళ్ళు నవ్వారు. ఎదుటివాళ్ళ మాట నిజమైతే తొందరగా ఒప్పేసుకోమని మేడమ్ చెప్పి ఉన్నారు. "ఆ సీటు నాది కాదు, ఇదిగో ఇచ్చేస్తున్నా" అంటూ పక్కన నిలబడ్డ ముసలామెను కూర్చోమన్నాను. ఆమె, "వచ్చే పల్లికొండలోనే దిగేదాన్ని, నాకెందుకు?" అని ఇంకొకామెను చూపింది. ఆమెకు ఒకాయన లేచి తన సీటిచ్చాడు. ఆయనకు ఇంకొకాయన లేచాడు. చూస్తూండగానే సగం బస్సు లేచి నిలబడి, నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని బతిమాలుకోవడం మొదలైంది. "సీట్లన్నీ ఖాళీ, జనమంతా నిలబడి ఉండారు! కూర్చోండప్పా!" అని కండక్టరు అరిచాడు. అంతలో డ్రైవరు బ్రేకు వేశాడు. ఎవరికి దొరికిన సీట్లో వాళ్ళు కూలబడ్డారు. పూలావిడ మా నాయన పక్కన తేలింది.

వేలూరులో దిగాక నాయన నా పక్కనుంచే వెళ్తూ, తల తిప్పకుండా, "గొంతు బాగుండాది. చివర్లో రవంత మెల్లిగా మాట్లాడు" అని చెప్పి సత్తువాచారి బస్సెక్కేశాడు. నేనూ నా స్నేహితురాలూ స్టాండులోనే ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

క్లాసులో జరిగినదంతా చెప్పాను. "ఆ ప్రశ్న అడిగినాయన ఎవరో?" అన్నారు మేడమ్.

"మా నాన్నగారు, మేడమ్."

బెంచీలు మోగిపోయాయి. మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఆయనకే ఎక్కువ మార్కులు వెయ్యాలి, ఏం చేద్దాం, మన క్లాసులో లేరు!" అన్నారు.

సాయంత్రం ఆ మాట ఇంట్లో చెబితే నాయన చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "నిజంగా అట్లనిందా? నన్ను చేర్చుకుంటారేమో కనుక్కో." అమ్మ, "ఇంట్లో వాదించేది చాల్లేదా?" అంది. మర్నాడు నేను నిజంగానే మేడమ్‌ని అడిగాను. ఒక రోజు రమ్మనండి అన్నారు.

పని లేని ఒక శనివారం ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. క్లాసు ఇంగ్లీషులో జరిగింది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా బుద్ధిగా కూర్చున్నాడు. అది అవ్వగానే నా క్లాసువాళ్ళు ఆయన్ని క్యాంటీనుకు లాక్కుపోయారు. కాఫీ మంచిదా టీ మంచిదా అన్న దగ్గర మొదలై తమిళంలో పెద్ద గొడవ. ఆయన ఒకసారి కాఫీ పక్షం, ఒకసారి టీ పక్షం. మొహం వెలిగిపోతోంది. చివరికి నేనే చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

"నాయనా, బస్సుకు టైమైంది!"

"ఉండమ్మే," అన్నాడు, నా వైపు చూడకుండానే, "నేను ఏ పక్షమో వీళ్ళకింకా తెలియలేదు."