మల్లమ్మ తుడిచేసిన కాగితం

మల్లమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. అయినా రాస్తున్నాను. ఆమె పడిన బాధకు సాక్షిని నేనొక్కడినే, పైగా నా కోపం ఇంకా చల్లారలేదు.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, బండల గుట్ట పక్కన మా ఆఫీసు వాళ్లు ఒక చిన్న గది కట్టారు. భూమి కదిలితే గీసి చూపే యంత్రం అందులో ఉండేది. యంత్రమంటే మహా పెద్దదేమీ కాదు. గుండ్రంగా తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన నల్లటి కాగితం, ఆ కాగితాన్ని గీరే సూది. అంతే. నేనక్కడ అసిస్టెంటును. పేరు సుబ్రమణ్యం, సొంతూరు కుప్పం, కాపురం పుంగనూరు, రోజూ బస్సు. ఆ నల్ల కాగితం తయారుచేసే పని మల్లమ్మది.

తెల్ల కాగితాన్ని కిరసనాయిలు దీపం పొగ మీద తిప్పితిప్పి మసి పట్టించాలి. పలచనైతే గీత కనపడదు, మందమైతే సూది కదలదు. రోజూ పొద్దున ఏడింటికి పాతది తీసి కొత్తది చుట్టాలి. తీసినదాన్ని వార్నీషులో ముంచి ఆరేయాలి. వార్నీషు పట్టేదాకా వేలు తగిలినా చాలు, గీతంతా చెరిగిపోతుంది.

1990లో దినకూలీగా చేరింది. పెద్దమండ్యం వైపు గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. భర్త హనుమంతప్ప గొర్రెల వెంట గుట్టలు పట్టుకు తిరిగేవాడు, ఆమె గది పక్కనే రేకుల కొట్టంలో ఉండేది. పండగ లేదు, జ్వరం లేదు, ఆదివారం లేదు. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. "దగ్గు తగ్గిందా మల్లమ్మా?" అంటే, "యాడికి పోతాదప్పా, దానికీ నాకూ పెండ్లయిపోయినాది" అని నవ్వేది.

ఆమె ఆశంతా ఒక్కటే, ఉద్యోగం పర్మనెంటు కావడం. ఫైలు పై ఆఫీసులో ఉంది. "ఒక్క రిమార్కు కూడా లేకుంటే చూద్దాం" అని ఆఫీసరు ఎప్పుడో అన్న మాటను గట్టిగా పట్టుకుంది.

ఆ రిమార్కు ఆమె చేరిన కొత్తలోనే రావాల్సింది. గది పక్కన రోలు పెట్టుకొని మిరపకాయలు దంచింది. కోలారు గనుల్లో బండ పగిలినా పసిగట్టే సూది అది. ప్రతి రోకటిపోటూ కాగితం మీద పడింది. ఆఫీసరు ఎగిరెగిరి పడ్డాడు. నేను కాళ్లావేళ్లా పడి ఆపాను. ఆనాటి నుంచి పిడికెడు కారం దంచాలన్నా గుట్ట అవతలికి పోయేది.

2004 డిసెంబరు ఇరవై ఆరు, ఆదివారం. నాకు సెలవు. మధ్యాహ్నం పుంగనూరులో టీవీ పెడితే మద్రాసు తీరం కొట్టుకుపోతోంది. ఎక్కడో సుమత్రా దగ్గర భూకంపమట. తింటున్న అన్నం వదిలేసి బస్సెక్కాను. ఇంత పెద్ద కంపం మళ్లీ నా బతుకులో చూడను, పొద్దుటి కాగితం కళ్లారా చూడాలి!

గదిలో ఆ కాగితం లేదు. మల్లమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది.

"పొద్దుటి షీటు యాడ మల్లమ్మా?"

"తుడిసేస్తి సార్."

ఆమే చెప్పింది. మోకాళ్లు వాచి గుట్ట దాటలేక, ఇన్నేళ్లకు మొదటిసారి కొట్టం ముందే ఊరుబిండి పచ్చడి దంచుకుందట. ఆరున్నర దాటాక లోపల సూది టకటకా కొట్టుకుంటున్న చప్పుడు. రోకలి ఆపినా సూది ఆగలేదు. మిషన్ పాడుచేసేశాననుకుంది. ఏడింటికి కాగితం తీసి, వార్నీషులో ముంచకుండా కొంగుతో మసంతా తుడిచేసింది.

"రిమార్కు రాస్తారని బయపడితి సార్. పర్మనెంటు పోతాదని."

తిడదామనే నోరు తెరిచాను. కాని ఆ మొహం చూసి ఎదురుగా కూలబడ్డాను. సముద్రం సంగతి ఆమెకింకా తెలియదు. చెప్పాను. ఎడమచేతిని కుడిచేతి కిందికి నెట్టి చూపించాను. "కిందిది సముద్రం అడుగున ఉండే పలక, పైది భూఖండం పలక. కిందిది ఏడాదికి రెండంగుళాలు కూడా లేకుండా దీని కిందికి దూరిపోతా ఉంటాది."

"ఎన్నేండ్లుగా?"

"కోట్ల ఏండ్లుగా."

"దానికి అలుపు రాదా అప్పా?"

"రాదు. పైదాని అంచు మాత్రం ఇరుక్కొని, దాంతోపాటు కిందికి వంగుతా పోతాది. వందల ఏండ్లు అట్లే ఓర్చుకొని, ఒకనాడు పట్టు ఇడిసి పైకి లేస్తాది. సముద్రాన్ని ఎత్తి పడేస్తాది. ఈ పొద్దు జరిగింది అదే."

చాలాసేపు నా చేతుల వైపే చూసింది. "అయితే నా రోకలి కాదా?"

"కాదు తల్లీ."

కుదుటపడుతుందనుకున్నాను. భోరుమని ఏడ్చింది. "అంతమంది సచ్చిపోయినది ఆ కాగితంలో పడింటే, నేను కొంగుతో తుడిసేస్తినే అప్పా!"

బ్యాటరీ అయిపోయి యంత్రం ఆగిందని రిజిస్టరులో రాసేస్తానన్నాను. ఎవడికి తెలుస్తుంది? తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. పర్మనెంటు రాకపోతే పోనీ. సచ్చినోళ్ల మింద అబద్దం రాయద్దు. ఆపీసరు సారుకు నేనే సెప్తా."

ఆఫీసరు జనవరి రెండో వారంలో గాని రాలేదు. అంతవరకూ ఆమె ఒక్క పూట కూడా సరిగ్గా తినలేదు. ఆయన జీపు దిగగానే ఎదురుపోయి, చేతులు కట్టుకొని, ఊరుబిండి దగ్గర్నుంచి కొంగుదాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పేసింది.

ఆయనకు అర్థం కావడానికే కాస్త సమయం పట్టింది. "ఓ, ఆ షీటా? అంత పెద్ద కంపానికి ఈ సూది అటూ ఇటూ కొట్టుకోవడమే తప్ప, లెక్కకు పనికొచ్చేదేమీ పడదు. మిగతా చోట్ల కంప్యూటర్లు అంతా పట్టేశాయి. దీన్ని ఎవరూ అడగలేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "మార్చితో ఈ మసి యంత్రాలు ఎత్తేస్తున్నాం సుబ్రమణ్యం. ఈవిడ ఫైలు రెండేళ్ల కిందటే మూసేశారు గదా, మీకు లెటర్ రాలేదా?"

రాలేదు. రెండేళ్లు! ఈ రెండేళ్లూ ఆమె పొగ మింగుతూనే ఉంది.

మల్లమ్మ మాత్రం ఫైలు మాట విననట్టే నిలబడింది. "అయితే నన్ను తిట్టరా సార్?"

ఆయన నవ్వాడు. మనిషి చెడ్డవాడేం కాదు. "ఎందుకమ్మా తిట్టడం? ఇదేమంత పెద్ద విషయం కాదులే" అని జీపెక్కాడు.

ఆమె ఆ దుమ్ములోనే నిలబడి, "పెద్ద విషయం కాదంట అప్పా" అంది. నేనేదో సర్దిచెప్పాను. ఊరి జనాన్నంతా నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ని, ఆ కాగితం పెద్ద విషయమేనని ఆ రోజు ఆమెను నేనైనా గట్టిగా తిట్టి ఉండాల్సింది.